రామప్ప చుట్టుపక్కల లారీలు తిరగని సైకిల్ దారులు చెప్పరా?

అందరికీ నమస్కారం. డిసెంబరులో నేనూ మా అమ్మాయీ రెండు రోజులు సైకిళ్ల మీద ములుగు అడవుల్లో తిరగాలనుకుంటున్నాం. 1213 నాటి రామప్ప గుడి, గణపురం కోటగుళ్లు, వీలైతే లక్నవరం చెరువు.

పోయినసారి హైవే మీద ఇసుక లారీ ఒకటి హ్యాండిల్‌కు జానెడు దూరంలో దూసుకుపోయింది. అమ్మాయి చేతులు చాలాసేపు వణికాయి. అందుకే ఈసారి రామప్ప గుడి ఉన్న పాలంపేట దాకా సైకిళ్లు ఆటోలో వేసుకొస్తాం.

అక్కడి నుంచి గణపురానికి ఊళ్ల మీదుగా పోయే దారేది? మట్టిరోడ్డైనా పర్వాలేదు, మా టైర్లు వెడల్పువే. రామప్ప చెరువు కట్ట మీద సైకిల్ పోనిస్తారా? లక్నవరం వైపు అడవి దారికి ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ కావాలా?

పొద్దున్నే కోటగుళ్ల రాళ్ల మధ్య కూర్చుని బొమ్మలు గీసుకోవాలని అమ్మాయి ఆశ. ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.