కొత్త డ్యుయల్ స్పోర్ట్ బండి: మొదటి సర్వీసు కాకముందే మార్పులు చేయొచ్చా?

మట్టిదారి
కొత్తగా 250 సీసీ డ్యుయల్ స్పోర్ట్ (రోడ్డు మీదా, మట్టిదారిలోనూ నడిచే బండి) తీసుకున్నాను. సింగిల్ సిలిండర్, కార్బురేటర్ మోడల్, కిక్ లేదు, సెల్ఫ్ ఒక్కటే. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు మరీ బిగబట్టినట్టు నడుస్తోందని సైలెన్సర్ మార్చాను. ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా) మీద గాలి వెళ్లే దారిని ఇరుకు చేసే ముక్క తీసేసి, కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే చిన్న రంధ్రం, అదే మెయిన్ జెట్, ఒక సైజు పెంచాను. రాళ్ల దారిలో దెబ్బతింటుందని సైడ్ స్టాండ్ స్విచ్ తీసి వైర్లు కలిపేశాను. హ్యాండ్ గార్డులు కూడా బిగించాను. పరుగు ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది. కానీ పొద్దున్నే సెల్ఫ్ కొడితే అందుకుని వెంటనే ఆగిపోతోంది. వేడెక్కాక ఏ ఇబ్బందీ లేదు. ఇంకోటి, అప్పుడప్పుడు బటన్ నొక్కితే అసలు చప్పుడే రాదు. మొదటి సర్వీసు ఇంకా కాలేదు. "కొత్త బండిని కెలకడం ఎందుకు, కంపెనీ సామానే మళ్లీ బిగించెయ్" అంటున్నారు తెలిసినవాళ్లు. నాకైతే మనసొప్పడం లేదు. మీరేమంటారు?

నిదానం
వాళ్లు చెప్పిందే సరి. కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు, వాల్వులు కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. అది అయ్యేదాకా బండి అసలు తీరేమిటో తెలియదు. ఏమీ మార్చకముందు పొద్దున స్టార్టింగ్ ఎలా ఉండేదో తెలిస్తేనే కదా ఇప్పుడు పోల్చి చూడగలం! అన్నీ ఒకే ఊపులో మార్చారు, ఇప్పుడు దేన్ని అనుమానించాలి? రేపు ఇంజిన్‌లో నిజంగానే కంపెనీ లోపం బయటపడినా, వారంటీ అడిగితే ముందు వేలు చూపించేది మీ మార్పుల వైపే.

సైడ్ స్టాండ్ స్విచ్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. స్టాండ్ ఎడమ పక్కన ఉంటుంది. అది తీయడం మరిచి బయల్దేరి ఎడమకు తిరిగితే స్టాండ్ నేలకు తగిలి మనిషిని విసిరేస్తుంది. స్టాండ్ వేసి ఉండగా బండి కదలనివ్వకుండా ఆ స్విచ్ ఉన్నది అందుకే.

కొండదారి
కంపెనీ బిగించిందంతా వేదం కాదండీ. కవాసాకి కేఎల్ఆర్650లో ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్సర్ చైన్‌ను బిగించే లివర్ విరుగుతుందని అందరికీ తెలిసి, కొత్త బండి కొనగానే దాన్ని మార్చేసుకునేవాళ్లు. 1987లో వచ్చిన ఆ బండికి కంపెనీ 2008 మోడల్‌లోగానీ ఆ లివర్‌ను మార్చలేదు. అన్నేళ్లు రైడర్లు కాచుకు కూర్చోవాలా? సుజుకి డీఆర్‌జెడ్400 ఎయిర్‌బాక్స్ పైన మూడంగుళాల చదరం కోసి జెట్లు మార్చి హాయిగా తిప్పేవాళ్లు ఎంతమంది లేరు!

పాతస్పానర్
కొండదారి గారూ, డీఆర్‌జెడ్ వాళ్లు ఎయిర్‌బాక్స్ కోసి ఊరుకోలేదు, దానికి తగ్గట్టు జెట్లు కూడా మార్చారు. అసలు విషయం అక్కడే ఉంది. నిదానం గారూ, అన్నీ విప్పి వెనక్కి బిగిస్తే బండి స్టార్ట్ అవుతుందేమో గానీ తప్పు ఎక్కడుందో తెలియదు. పైగా ప్రతిసారీ విప్పి బిగించడంలో కొత్త తప్పొకటి దూరుతుంది.

మట్టిదారి గారు చెప్పినవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. అందుకుని ఆగిపోవడం పెట్రోలు, గాలి సంగతి. బటన్ నొక్కితే చప్పుడు రాకపోవడం కరెంటు సంగతి. రెంటినీ ఒక్క రోగం అనుకుని వెతికితే ఏదీ దొరకదు.

ముందు కరెంటు చూడండి. బటన్ నొక్కినప్పుడు సెల్ఫ్ మోటార్‌కు కరెంటు పంపే రిలే దగ్గర "టిక్" వినబడుతోందా? టిక్ వచ్చి మోటార్ తిరగకపోతే బ్యాటరీ, టర్మినళ్లు, లావు కేబుల్ చూడాలి. కాసేపు ఊరికే వదిలేసిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే దాన్ని నమ్మకండి. టిక్కే రాకపోతే స్విచ్‌ల మీదకు వెళ్లండి. హ్యాండ్ గార్డు బిగించేటప్పుడు క్లచ్ లివర్ బ్రాకెట్ కాస్త జరిగినా, క్లాంప్ అడ్డొచ్చినా, లివర్ పూర్తిగా పట్టుకున్నట్టే ఉంటుంది గానీ, క్లచ్ పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేసేలా లోపల ఉండే చిన్న స్విచ్ నొక్కుకోదు. నా మొదటి అనుమానం దాని మీదే. రెండోది మీరు కలిపిన వైర్లు. మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే అదురుకు, తడికి ఆ జాయింటు ఎన్నాళ్లో నిలవదు.

ఇక పొద్దుటి సంగతి. మెయిన్ జెట్ పని చేసేది యాక్సిలరేటర్ ముప్పాతిక తిప్పిన దగ్గర నుంచి. స్టార్టింగ్, ఐడ్లింగ్ నడిచేది తక్కువ స్పీడుకు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ మీద, దాని స్క్రూ మీద, చోక్ మీద. మీరు గాలి దారి తెరిచారు, పై స్పీడుకు పెట్రోలు పెంచారు, కింద మాత్రం పాత లెక్కే ఉంచారు. పొగ నిబంధనల కోసం చాలా బళ్లు ఐడ్లింగ్‌లో ముందే లీన్‌గా (గాలికి తగినంత పెట్రోలు లేకుండా) వస్తాయి. ఆ స్క్రూ మీద చిన్న లోహపు మూత కొట్టి ఉంచేది కూడా అందుకే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమంటోందా? అంటుంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. సైలెన్సర్ జాయింటు దగ్గర లీకు ఉన్నా అదే చప్పుడొస్తుంది, కాబట్టి అదీ చూడండి.

స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే రిచ్ అవుతుంది (పెట్రోలు పాలు పెరుగుతుంది). ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, లోపలికి తిప్పితే రిచ్ అవుతుంది. ముట్టుకునే ముందు పూర్తిగా మూసుకోవడానికి ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి రాసుకోండి.

చోక్ లాగి సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పుతున్నారా? తిప్పకండి. ఈ రకం కార్బురేటర్‌లో చోక్ దారిలో పెట్రోలును పైకి లాగేది ఇంజిన్ పీల్పే. యాక్సిలరేటర్ తెరిస్తే ఆ పీల్పు పడిపోతుంది, చోక్ లాగినా లాభం ఉండదు.

మట్టిదారి
చూశాను. హ్యాండ్ గార్డు క్లాంప్ క్లచ్ బ్రాకెట్‌ను ఆనుకుని ఉంది, దాంతో లివర్ చివరిదాకా రావట్లేదు. క్లాంప్ పక్కకు జరిపాక బటన్ సమస్య మళ్లీ రాలేదు. సైడ్ స్టాండ్ వైర్లు సోల్డర్ చేసి స్లీవ్ వేశాను. టపటప కూడా ఉంది, జాయింటు దగ్గర లీకు లేదు. గాలి లీకు ఉందేమోనని కార్బురేటర్‌కు ఇంజిన్‌కు మధ్య రబ్బరు చుట్టూ ఐడ్లింగ్‌లో నీళ్లు స్ప్రే చేశాను, శబ్దంలో ఏ మార్పూ లేదు. మూత తీసి పెట్రోలు స్క్రూ అరచుట్టు బయటికి తిప్పాక పొద్దున ఆగకుండా నిలబడుతోంది. చోక్ మాత్రం చాలాసేపు ఉంచాల్సి వస్తోంది. దీనికోసం సైలెన్సర్, ఎయిర్‌బాక్స్ వెనక్కి మార్చే పని లేదనే అనుకుంటున్నాను.

నిదానం
సంతోషం. కానీ మిగిలిపోయిన ఆ ఇబ్బంది గురించే నా టెన్షన్. అది కార్బురేటర్‌దే అని ఎలా అనుకుంటాం? కొత్త ఇంజిన్‌లో వాల్వు తన సీటులో కుదురుకునేకొద్దీ టాపెట్ గ్యాప్ (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండే సందు) తగ్గొచ్చు. గాలి, పెట్రోలు లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వు గ్యాప్ మరీ తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది. అది ముందుగా బయటపడేది పొద్దున స్టార్టింగ్‌లోనే. మొదటి సర్వీసు అయ్యేదాకా ఆగమన్నది ఇందుకే. గ్యాప్ చూడకుండా జెట్లు పెంచుకుంటూ పోతే లోపల ఉన్న లోపాన్ని పెట్రోలుతో కప్పిపెట్టినట్టవుతుంది. స్టాండ్ స్విచ్ మీద మాత్రం నా మాట మారదు.

కొండదారి
టాపెట్ల మాట ఒప్పుకుంటాను. స్విచ్ మాట ఒప్పుకోను. అడవి మధ్యలో రాయి తగిలి ఆ స్విచ్ విరిగితే చాలా బళ్లలో గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోతుంది. ఆ ఇబ్బంది పడేది నేను, కంపెనీ కాదు.

పాతస్పానర్
స్విచ్ ఉంచాలా తీయాలా అన్నది ఎక్కడ తిప్పుతారో దాన్ని బట్టి. రోజూ రోడ్డు మీద, ట్రాఫిక్‌లో తిరిగే బండికైతే నేను తీయను.

టాపెట్ల మాట నిదానం గారిదే సరి. అది చూడకుండా పైలట్ జెట్ జోలికి వెళ్లకండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, రాత్రంతా ఆగిన బండికి గ్యాప్ కొలిపించండి. వేడి మీద కొలిచింది పనికిరాదు. కొలత మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లోనే ఉంటే అప్పుడు పైలట్ జెట్ ఒక సైజు పెంచండి, స్క్రూను మళ్లీ మొదటి నుంచి సెట్ చేయండి. అప్పటిదాకా ఇంకేమీ మార్చవద్దు, కొత్త లైట్లు కూడా వద్దు.

మట్టిదారి
సరే. సర్వీసులో కొలిపించి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు గ్యాపులూ ఇక్కడే రాస్తాను.