కనిగిరి ఫ్లోరైడ్ ఊర్ల శాంపిళ్లు: ఎర్రకణాల ఏటీపీ ఎందుకు పడిపోతా ఉంది?

నెల్లూరు_బయోకెమ్:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊర్లలో ఎర్రరక్తకణాల ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) తగ్గుతుందా అని చూడాలి. గ్లూకోజ్‌ని విరిచే ఎంజైముల్లో ఒకటైన ఎనోలేజ్‌ని ఫ్లోరైడ్ ఆపుతుంది కదా, అదే ఆధారం. షుగర్ పరీక్షకు వాడే బూడిదరంగు మూత ట్యూబుల్లో రక్తం తీసి, ఐస్ బాక్సులో నెల్లూరు తెచ్చి సాయంత్రం కొలుస్తున్నాం. ఫ్లోరైడ్ లేని ఊరి శాంపిళ్లలో కూడా ఏటీపీ బాగా తక్కువొస్తా ఉంది. పీహెచ్‌డీ కూడా ఎర్రకణాల మెటబాలిజంలోనే చేయాలనుంది, పద్ధతి ఇప్పుడే సరిచేసుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎర్రకణం:
ముందు ఆ ట్యూబులు మానేయండి. వాటిలో మిల్లీలీటరు రక్తానికి సుమారు 2.5 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అంటే దాదాపు 60 మిల్లీమోలార్. తాగునీటికి అనుమతించిన గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మి.గ్రా., అది 0.08 మిల్లీమోలార్. తాగేవాళ్ల రక్తంలో ఉండేది అంతకన్నా చాలా తక్కువ, మైక్రోమోలార్ లెక్క. ఏ ఊరి శాంపిల్ అయినా మీరు కొలిచేది ట్యూబులోని ఫ్లోరైడ్ చేసిన పనినే.

ఎర్రకణానికి మైటోకాండ్రియా లేదు, ఏటీపీ అంతా గ్లైకోలిసిస్‌దే, అంటే గ్లూకోజ్‌ని మెట్టుమెట్టుగా విరిచే దారిది. ఎనోలేజ్ ఆగితే ఆ దారి చివర రావాల్సిన పైరువేట్ రాదు. పైరువేట్ లేకపోతే ఎన్‌ఏడీహెచ్ అనే సహాయక అణువు మళ్లీ ఎన్‌ఏడీగా మారదు, గ్లిజరాల్డిహైడ్ ఫాస్ఫేట్ అనే మధ్య మెట్టు దగ్గర దారి మూసుకుంటుంది. మొదటి మెట్ల ఎంజైములు హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ మాత్రం ఉన్న ఏటీపీని ఖర్చు చేస్తానే ఉంటాయి. ఫ్లోరైడ్ ట్యూబులో కూడా మొదటి గంటా రెండు గంటలు షుగర్ తగ్గేది అందుకే.

ఒంగోలు_ల్యాబ్:
ఏటీపీ కొలవాలంటే కణాల్లో జరిగే చర్యలను రక్తం తీసినచోటే ఆపాలి, ప్రయాణం తర్వాత కాదు. హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులో తీసి, వెంటనే 1 మి.లీ. రక్తాన్ని ఐస్‌లో చల్లబెట్టిన 2 మి.లీ. 0.6 మోలార్ పర్‌క్లోరిక్ ఆసిడ్‌లో పోసి గట్టిగా కలపండి. ఆలస్యమైతే ఎంత ఏటీపీ పోయిందో తర్వాత లెక్క కట్టలేం. ట్యూబులు ముందే నింపి ఐస్‌లో పెట్టుకుని పోండి.

ల్యాబ్‌కొచ్చాక 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో 3000 జీ (గురుత్వానికి 3000 రెట్లు) మీద పది నిమిషాలు తిప్పి, పైన తేలింది తీసి, పొటాషియం కార్బొనేట్ కొద్దికొద్దిగా వేసి పీహెచ్ 6.5–7కి తేవాలి. నురగొస్తుంది, మూత పెట్టొద్దు. ఐస్‌లో పది నిమిషాలుంచితే పొటాషియం పర్‌క్లోరేట్ తెల్లగా అడుక్కి దిగుతుంది. ఆమ్లంలో రాత్రంతా వదిలితే ఏటీపీ విరుగుతుంది కాబట్టి అదే రోజు చేయాల్సిందే. పర్‌క్లోరిక్ ఆసిడ్ గుడ్డకో కాగితానికో అంటి ఆరితే మంటలొచ్చే ప్రమాదముంది, నీళ్లతో కడిగేయండి.

తర్వాత హెక్సోకైనేజ్, జీ6పీడీ అనే ఎంజైములు కలిపి 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీపీహెచ్ (ఏటీపీ ఎంతుంటే అంత తయారయ్యే పదార్థం) పెరుగుదల చూడండి. లెక్కకు వాడే కాంతి శోషణ గుణకం మిల్లీమోలార్‌కి, సెంటీమీటరుకి 6.22. మొత్తం రక్తానికి కాకుండా గ్రాము హిమోగ్లోబిన్‌కి రాయండి, లేకపోతే రక్తహీనత లెక్కను చెడగొడుతుంది.

నెల్లూరు_బయోకెమ్:
ఎనోలేజ్ కూడా కొలవాలంటే రక్తం కడగాలా అన్నా?

ఎర్రకణం:
ఎంజైములకు కడగాలి. 0.9 శాతం చల్లని సెలైన్‌తో మూడుసార్లు, ప్రతిసారీ పైనున్న తెల్లకణాల పొర తీసేస్తూ. ఏటీపీకి మాత్రం వద్దు, కడిగేలోపే అది మారిపోతుంది.

ఒక విషయం గట్టిగా చెప్తా. రక్తస్రావం ఉంటే కొత్త కణాలు ఎక్కువుంటాయి, వాటిలో ఎంజైములూ ఎక్కువే. అందువల్ల ప్రతి శాంపిల్‌కీ ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం), రెటిక్యులోసైట్ (కొత్త ఎర్రకణాల) లెక్క తప్పనిసరి. పోల్చే ఊరు అదే మండలంలో ఫ్లోరైడ్ తక్కువ ఉండే బోరుదైతే మేలు. తిండీ పనీ ఒకేలా ఉంటాయి.

ఒంగోలు_ల్యాబ్:
నీటి ఫ్లోరైడ్ మీరే కొలవండి, పాత రికార్డు చూసి రాసుకోవద్దు. నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టండి, గాజు ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో అయితే టైసాబ్ ద్రావణం (పీహెచ్, లవణ బలం స్థిరంగా ఉంచేది) సమంగా కలిపి, 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ గాఢతలో పదిరెట్ల మార్పుకు సుమారు 59 మిల్లీవోల్టులు రావాలి. బాగా అటూ ఇటూ అయితే ఎలక్ట్రోడ్ శుభ్రం చేయాలి. రక్తం తీసే ముందే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రానివ్వండి.

గూడూరు_టీచర్:
పీహెచ్‌డీ దిశగా ఒక మాట. 2,3-డీపీజీ (హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని వదలడానికి తోడ్పడే ఫాస్ఫేట్ పదార్థం) కూడా కొలవండి. ఎర్రకణంలో లీటరుకు 4–5 మిల్లీమోల్స్ ఉంటుంది, ఏటీపీ కన్నా ఎక్కువ. కిట్ కొనే స్థోమత లేకపోతే 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు ఫాస్ఫరస్ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. అది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో 100 డిగ్రీల దగ్గర 7 నిమిషాలు వేడిచేస్తే ఏటీపీ చివరి రెండు ఫాస్ఫేట్లు విడిపోతాయి, డీపీజీవి దాదాపు కదలవు. ఆ తేడాతోనే రెంటినీ వేరుచేయొచ్చు. దాన్ని ఎంజైమ్ పద్ధతితో సరిచూస్తే మీ రీడింగులను ఎవరు ప్రశ్నించినా నిలబడతాయి.