వరంగల్ స్టేషన్ రోడ్డు: ఏ మడిగెలో ఏ దుకాణం నడిచిందో ఎట్ల పట్టాలి?

ప్రశ్న: రోడ్డుకు రెండు పక్కల బిల్డింగులు, వాటిల్ల నడిచిన వ్యాపారాలు వరుసగా రాయాలె. ఇప్పుడు అన్నీ ముందుగోడకు కొట్టిన ఏసీపీ (అల్యూమినియం) షీట్ల వెనక దాగినయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఈసీలు (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్లు) తియ్యండి. ఆన్‌లైన్‌ల 1983 నుంచే దొరుకుతయి, అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల వెతికించాలె. కొత్త ఇంటి నంబరు ఒక్కటే ఇస్తే పాత లావాదేవీలు రాకపోవచ్చు, పాత నంబరు కూడా ఇయ్యండి. దస్తావేజుల ధర కన్నా హద్దులు ముఖ్యం. 'తూర్పు: ఫలానా వారి మడిగె' అని పక్కోళ్ల సంగతి అందులోనే ఉంటది. నాలుగైదు పక్కపక్కన పెడితే నక్షా తయారైతది. నిజాం కాలం కాగితాలు ఉర్దూల, సాలు ఫస్లీల (అప్పటి రెవెన్యూ లెక్కల సాలు) ఉంటయి. ఇంగ్లీషు సాలు కావాలంటే 590 కలపండి: 1357 ఫస్లీ అంటే 1947-48.

జవాబు: దస్తావేజు యజమానిని చెప్తది, కిరాయిదారును చెప్పదు. దానికి పాత బిల్లు బుక్కులు, ట్రేడ్ లైసెన్సులు, పెండ్లి పత్రికల అడుగున ప్రెస్సు అడ్రసు చూడాలె. బిల్డింగ్ వయసు ముందుగోడను బట్టి కట్టొద్దు, రోడ్డు వెడల్పుల అది పోయి కొత్తది లేచి ఉండొచ్చు. లోపలికి పోయి కప్పు చూడండి. ఇనుప గర్డర్ల నడుమ ఇటుక కమాన్లు, డంగు సున్నం గోడలు కనబడితే ఆ భాగం పాతదే.

జవాబు: 1934ల పెట్టిన ఆజంజాహీ బట్టల మిల్లును మాత్రం వదలకండన్నా. మిల్లు నడిచినప్పుడు ఏ దుకాణాలు ఉన్నయి, మూతపడ్డంక ఏవి మారినయి, రెండూ పట్టికల వేర్వేరు గడులల్ల రాయండి.