లాయరు నోటీసు కంటే ముందు వచ్చిన వాట్సాప్ సందేశం: మా ఇండెమ్నిటీ క్లెయిమ్ నిలుస్తుందా?

ప్రశ్న (గుంటూరు, అరండల్‌పేట)

నమస్కారం. మాది ఆరుగురితో నడిచే భాగస్వామ్య డిజైన్ సంస్థ. 2022లో ఊరి శివార్లలోని ఒక మూడంతస్తుల ఇంటికి ప్లానులతో పాటు స్ట్రక్చరల్ డ్రాయింగులు కూడా మేమే ఇచ్చాము. నిరుడు జనవరిలో ఇంటి యజమాని గోడ బీటల ఫొటోలు నాలుగు వాట్సాప్‌లో పంపగా, మా ఇంజనీరు వెళ్లి చూసి అవి ప్లాస్టరు బీటలేనని చెప్పి వచ్చారు. మార్చిలో ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీని (మా వృత్తిలో జరిగే తప్పులకు ఇతరులు కోరే పరిహారంపై బీమా) రెన్యువల్ చేసుకునేటప్పుడు, క్లెయిమ్‌కు దారితీయగల సంగతులేమైనా మీ ఎరుకలో ఉన్నాయా అన్న గడిలో ఏటా రాసినట్టే "లేవు" అని రాశాము. ఇప్పుడు పునాది డిజైనులోనే లోపముందంటూ 38 లక్షల రూపాయలు కోరుతూ లాయరు నోటీసు వచ్చింది. ఆ నోటీసులో జనవరి సందేశం ప్రస్తావన ఉండటంతో, దానిని ఎందుకు చెప్పలేదని బీమా కంపెనీ వివరణ అడుగుతున్నది. యజమాని మాకు బంధువుల ద్వారా పరిచయమైనవారు కనుక, మన ఖర్చుతో బాగు చేయించి రాజీ పడదామని మా భాగస్వామి పట్టుబడుతున్నారు. ఏది ముందు చేయాలి?

సమాధానం (విజయవాడ, క్లెయిమ్ సలహాదారు)

ముందుగా మీ భాగస్వామి గారిని ఆపండి. బీమా కంపెనీ లిఖితపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నా, డబ్బు ఇస్తామన్నా, మేస్త్రీని పంపినా, క్లెయిమ్‌ను తిరస్కరించడానికి వారికి మీరే కారణం అందించినట్టవుతుంది. పరామర్శకు వెళ్లినప్పుడు కూడా "చూద్దాం లెండి, మేమున్నాం" అన్న మాట నోట రానివ్వకండి. మన ఊళ్లలో అది మర్యాద, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మాత్రం తప్పు ఒప్పుకున్నట్టే.

ఇక అసలు చిక్కుకు వస్తే, ఈ పాలసీలు తప్పు జరిగిన సంవత్సరాన్ని బట్టి కాక, క్లెయిమ్ వచ్చిన సంవత్సరాన్ని బట్టి పనిచేస్తాయి. అందువల్ల 2022 నాటి డ్రాయింగులు పాలసీలోని రెట్రోయాక్టివ్ తేదీకి (దానికి ముందు చేసిన పనికి కవరు ఉండదు) తరువాతివేనా అన్నది మొదట చూసుకోవాలి. జనవరి సందేశం విషయంలో మీ పక్షాన చెప్పదగిన వాదన ఉన్నది: ఫొటోలు రాగానే మనిషిని పంపారు, ఆయన చూసి ప్లాస్టరు బీటలని నిర్ణయించారు, ఆ నిర్ణయాన్ని నమ్మే "లేవు" అని రాశారు. దీనిని నిలబెట్టేది ఆనాటి సైటు డైరీయే తప్ప ఇప్పుడు కూర్చుని రాసే వివరణ కాదు. రెన్యువల్‌కు ముందూ తరువాతా ఒకే కంపెనీ పాలసీ అయితే, నిరంతర కవరు షరతు (పాలసీ తెగకుండా సాగితే ముందు చెప్పని సంగతిపై వచ్చిన క్లెయిమ్‌నూ ఒప్పుకునేది) ఏదైనా ఉన్నదేమో పాత పాలసీతో సహా చదవండి. వివరణలో ఏదీ దాచవద్దు, ఊహించి ఏదీ చేర్చవద్దు.

ఎక్సెస్ మొత్తాన్ని, అంటే క్లెయిమ్‌లో మీ వాటాగా పాలసీలో రాసినదాన్ని, మీరే భరించాలి. చాలా పాలసీలలో లాయరు ఖర్చులు కూడా బీమా మొత్తం పరిమితిలో నుంచే పోతాయి. గడువు దాటితే ఇంత జరిమానా కడతామని ఒప్పందంలో రాసి ఇచ్చి ఉంటే, ఆ భాగానికి సాధారణంగా కవరు ఉండదు.

సమాధానం (గుంటూరు, స్ట్రక్చరల్ ఇంజనీరు)

మన నల్లరేగడి నేల వానల్లో ఉబ్బి ఎండల్లో కుంచించుకుపోతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగిన బీటలు కాలాన్ని బట్టి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటే, అది ప్లాస్టరు సంగతి కాదు. బీమా కంపెనీ సర్వేయరు అనుమతితో బీటకు అడ్డంగా గాజు పలక అతికించి, దానిపై తేదీ రాసి నెలనెలా ఫొటో తీయించండి. పలక పగిలితే కదలిక ఇంకా ఆగలేదన్నమాట. సాయిల్ రిపోర్టు (మట్టి పరీక్ష నివేదిక) ఎవరు చేయించారు, అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున వెడల్పు చేసిన లోతైన పునాది స్తంభాలు) సూచించారా, సూచిస్తే యజమాని ఖర్చు తగ్గించమని మాన్పించారా, పునాది గుంత ఎంత లోతు తవ్వారు, మరుగుదొడ్డి గుంత నుంచి నీరు ఊరుతున్నదా అన్నవే ఈ వివాదాన్ని తేల్చే ప్రశ్నలు. డ్రాయింగుల పాత రివిజన్లను ఒక్కటి కూడా చెరిపివేయకండి.

సమాధానం (విజయవాడ, న్యాయవాది)

యజమాని వినియోగదారుల కమిషన్‌కు వెళితే, పరిధిని లెక్కించేది కోరిన 38 లక్షలను బట్టి కాదు, మీకు చెల్లించిన ఫీజును బట్టి. అది 50 లక్షలకు మించదు కనుక జిల్లా కమిషన్‌కే వస్తుంది. ఇక్కడ జాగ్రత్త: ఫిర్యాదు ప్రతి అందాక జవాబు దాఖలుకు 30 రోజులు, ఆపైన గరిష్ఠంగా మరో 15 రోజులు మాత్రమే ఉంటాయి. అంతకు మించి గడువు ఇవ్వరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది. బీమా కంపెనీ లాయరును నియమించేదాకా చూస్తూ కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే, మీది సూక్ష్మ సంస్థ అయిన పక్షంలో, ఏడాదిలోగా బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అయిన హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ప్రశ్న వేసినవారు

సాయిల్ రిపోర్టు దొరికింది. పైల్స్ సూచిస్తూ మేము పంపిన ఈమెయిలు, "ఐసోలేటెడ్ ఫుటింగ్స్ (ఒక్కో స్తంభం కింద విడివిడిగా వేసే మామూలు పునాది) చాలు" అన్న యజమాని జవాబు కూడా ఉన్నాయి. అయితే ఆ జవాబు తరువాత డ్రాయింగు మార్చి సంతకం పెట్టినది మా ఇంజనీరే. దీనిని కూడా వివరణతో జతపరిచి, లాయరు చూశాక సోమవారం పంపుతాము.