పోయిన కంటికి పొనగంటి కూర: రెండో పాదం ఎవరికైనా గుర్తుందా?

జాజిపందిరి:
మా అమ్మమ్మ ఆకుకూర తుంచుతూ ఒక మాట అనేది: "పోయిన కంటికి పొనగంటి కూర". దాని వెనకాలే ఇంకో ముక్క ఉండేది. వారం రోజులుగా అది నాలుక మీద ఆడుతోంది గానీ బయటికి రావడం లేదు. "ఆయువు" అనే మాటతో మొదలయ్యేదని మాత్రం లీలగా గుర్తు. ఎవరైనా విన్నారా?

పాతనిఘంటువు:
మొదటి ముక్క విన్నాను, రెండోది వినలేదు. అయితే అది పొనగంటి కాదండీ, పొన్నగంటి. అక్కడ న-కు ద్విత్వం ఉంది. పొన్ అంటే బంగారం, గంటి అంటే కన్నుగలది. ముక్కంటి, బేసికంటి, వాలుగంటి వరసలోదే ఈ మాటా. తమిళంలో పొన్నాంగణ్ణి. కన్నడంలో పాలు హాలైనట్టు, పులి హులి అయినట్టు ఇది హొనగొన్నె అయింది. మూడు భాషల్లోనూ మొదటి అచ్చు హ్రస్వమే. కాబట్టి "పోయిన కన్ను తెచ్చేది పోనగంటి" అన్న వ్యుత్పత్తి జనం తరవాత అల్లుకున్నదే.

గణవిభజన:
వ్యుత్పత్తి సంగతి మీరన్నట్టే ఉండనివ్వండి. కానీ జాజిపందిరి గారు రాసిన పాదంలో రెండో న పెట్టడానికి వీల్లేదు. అది చక్కటి ద్విపద, అంటే గణాలతో (గురువులు, లఘువులు అనే పొడుగు, పొట్టి అక్షరాల గుంపులతో) నడిచే రెండు పాదాల పద్యం. పోయిన - భగణం. కంటికి - భగణం. పొనగంటి - సలం. కూర - హగణం. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదట్లో పొ, పాదం మొదట్లో పో, ఆ రెండు అక్షరాలకూ పొత్తు, అంటే యతి కూడా కుదిరింది. పొన్నగంటి అని చదివారా, "పొన్నగం" రగణమై "టికూర" అని జగణం మిగులుతుంది. అక్కడ సూర్యగణం ఉండాలి, జగణానికి చోటు లేదు. ఈ మాట కట్టినవాళ్ళ నోట న ఒక్కటే ఉంది.

పాతనిఘంటువు:
నోటిపాటకు గణాలు లెక్కపెట్టి తీర్పు చెప్పకూడదు. రోకటి పాటల్లో, దంపుళ్ళ పాటల్లో లఘువు సాగుతుంది, గురువు కుదించుకుపోతుంది. పాడేవాళ్ళు న్న-ను తేల్చి పలికితే సరిపోతుంది. ఒక్క పాదం చూసి మాట రూపమే మార్చేస్తామా?

గణవిభజన:
సాగదీయాల్సిన అవసరం లేకుండానే పాదం అతికినట్టు కూర్చున్నప్పుడు సాగదీయడం ఎందుకు? పైగా మీరు చూపించిన హొనగొన్నెలో కూడా మొదటి న ఒక్కటే. అది మీ సాక్ష్యమే.

కాలవగట్టు:
నేను ఆ మొక్క వైపు నుంచి ఒక మాట చెప్తాను. దాని పూలు తెల్లగా, చిన్న చిన్న గుత్తులుగా ఉంటాయి. బంగారు రంగు ఎక్కడా లేదు. ఆ గుత్తికి కాడ కూడా ఉండదు, ఆకు కాండానికి అతుక్కున్న చోటే, ప్రతి కణుపు దగ్గరా కూర్చుంటుంది. తడినేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. ఒక కాడ తుంచి గుచ్చితే చాలు, మడి నిండుతుంది. చెరకు నాటేవాళ్ళు నాటే ముక్కను "మూడు కళ్ళ ముచ్చె" అంటారు కదా, అక్కడ కన్ను అంటే మొలక వచ్చే చోటు. పొనగంటిలో గంటి కూడా ఆ కన్నే అని నా నమ్మకం. చూపుకి సంబంధం తరవాత అంటింది.

జాజిపందిరి:
ఇది చదివాక కుండీలో ఉన్న కాడను మళ్ళీ వెళ్ళి చూశాను. నిజమే, ప్రతి కణుపుకీ ఒక తెల్లటి కన్ను! కానీ నా రెండో పాదం...

పాతనిఘంటువు:
బాగుంది గానీ, సంస్కృతంలో దీన్ని మత్స్యాక్షి అంటారు. చేపకన్ను. అంటే చూసే కన్నే, మొలిచే కన్ను కాదు.

రేగుపండు:
చేప అన్నారు కాబట్టి చెప్తున్నా. వాలుగంటిలో ఉన్నది వాలు కాదు, వాలుగ. వాలుగ చేపలాంటి కన్నులున్నది. మీనాక్షికి తెలుగు అది.

పాతనిఘంటువు:
వాలుగంటికి వాలు చాలు. వాలుచూపు అన్నప్పుడు చేప ఎక్కడుంది?

రేగుపండు:
సరే, మరొకటి అడుగుతాను. అచ్చతెలుగులో తొలి కావ్యం యయాతి చరిత్ర రాసిన తెలగన ఇంటిపేరు కొందరు పొన్నగంటి అంటారు, కొందరు పొన్నికంటి అంటారు. అక్కడ క అలాగే నిలిచింది, న్న కూడా నిలిచింది. దాన్నేం చేద్దాం?

గణవిభజన:
ఇంటిపేరు ఊరి నుంచి వస్తుంది, కూర నుంచి కాదు. తెలగనను ఇందులోకి లాగకండి. కానీ ఆయన పేరు ఎత్తినందుకు సంతోషం. ఆ కావ్యాన్ని గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో (1550-1580) పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. తత్సమం (సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్న మాట) ఒక్కటి కూడా వాడకుండా కావ్యమంతా నడపాలన్న పట్టుదల చూడండి! ఆ రోజుల్లో మన కవులు ఆ సుల్తాన్ పేరునే మల్కిభరాముడు అని తెలుగు చేసుకున్నారు. ఆ పేరు ఎప్పుడు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

రేగుపండు:
ఆ నియమం పెట్టుకుంటే పెరట్లో నడవడమే కష్టం. తులసి తత్సమం, గగ్గెర అనాలి. మరువం, దవనం పరవాలేదు, మరువకం నుంచి, దమనకం నుంచి వచ్చిన తద్భవాలు. పొన్నగంటికి అసలు ఇబ్బందే లేదు, అచ్చంగా మనది.

కాలవగట్టు:
గగ్గెర అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. మా ఇళ్ళలో ఇప్పుడు ఎవరూ అనరు. అది పోవడం నాకు నిజంగా బాధ.

జాజిపందిరి:
నాకు ఒకటి తోస్తోంది. "పోయిన కన్ను" అంటే గుడ్డితనం కాకపోవచ్చు, రేచీకటి కావచ్చు. పొద్దుగూకితే పోయి, తెల్లారితే వచ్చే చూపు. విటమిన్ ఎ తక్కువైతే వచ్చేది అదే, ఆకుకూరల్లో బీటా కెరోటిన్ ఉంటుంది, కాస్త నూనె పడితే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. అమ్మమ్మ కూడా ఈ కూర తాలింపులో నూనె దగ్గర లోభం చూపించేది కాదు.

గణవిభజన:
అర్థం చాలా బాగా కుదిరింది. ఇక మీ రెండో పాదం. ద్విపదకు ప్రాస ఉంటే రెండో అక్షరం య కావాలి. మీకు గుర్తున్న "ఆయువు"లో యు ఉంది, భగణం కూడా అయింది. మీ జ్ఞాపకం తప్పు కాదు! యతి కోసం మూడో గణం అ-తో మొదలవ్వాలి. "ఆయువు పెంచును అవిసాకు కూర". ఇదేనా?

జాజిపందిరి:
కాదండీ. వినడానికి బాగుంది గానీ మా అమ్మమ్మ అవిసాకు వండడం నేనెప్పుడూ చూడలేదు. చివర కూర అని కూడా రాదు.

పాతనిఘంటువు:
ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి. అడిగేటప్పుడు ఆ న సంగతి కూడా.

జాజిపందిరి:
మా పెద్దమ్మకి ఇప్పుడే ఫోన్ చేశాను. రెండో పాదం ఒకటి ఉందని తనకు అసలు గుర్తే లేదంది. మొదటిది మాత్రం రెండుసార్లు పాడి వినిపించింది. చెవి ఆనించి విన్నాను. మొదటిసారి పొనగంటి, రెండోసారి పొన్నగంటి.

గణవిభజన:
రెండోసారి పాడినప్పుడు "కూర" దగ్గర గొంతు సాగిందా, తెగిందా? అది ఒక్కటి గుర్తు చేసుకుని చెప్పండి.