అపార్ట్‌మెంట్ ఎన్నికల్లో ప్రాక్సీ ఓట్లు: ఉంచాలా, తీసేయాలా?

కొండాపూర్ ఓనర్:
మా అపార్ట్‌మెంట్‌లో రెండొందల పైచిలుకు ఫ్లాట్లు. మొన్న అసోసియేషన్ ఎన్నికలకు జనరల్ బాడీ పెడితే సగం కుర్చీలు ఖాళీ. మళ్లీ పోటీ చేస్తున్న ప్రెసిడెంట్ గారు ఫైల్ తెరిచి ప్రాక్సీ కాగితాల కట్ట బల్ల మీద పెట్టారు. అంటే, రాలేని ఓనర్లు తమ ఓటు ఇంకొకరు వేయొచ్చని రాసిచ్చినవి. సంతకాలు ఎవరివి వాళ్లవే. 'నా తరఫున ఓటు వేసేది' అన్నచోట మాత్రం అన్నిటిలోనూ ఒకటే పేరు, ఒకటే చేతిరాత. అదీ ఆయన పేరే. ఇక హాల్లో ఎన్ని చేతులు లేస్తే ఏం లాభం? ప్రాక్సీలే వద్దని బైలా (సంఘం నియమావళి) సవరణ పెడుతున్నాం. మీరేమంటారు?

డాలస్ నుంచి:
తీసేస్తే మా సంగతేంటండి? ఈఎంఐ, మెయింటెనెన్స్, కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకు దాచే ఉమ్మడి నిధి) అన్నీ కడుతున్నాం. ఒక్క ఓటు కోసం టికెట్ కొనుక్కుని రాలేం కదా. మా దగ్గరా ప్రెసిడెంటే వాట్సాప్‌లో ఫారం పంపారు. అక్కడ నాకు తెలిసింది ఆయనొక్కరే, సంతకం పెట్టి పంపాను.

మాజీ సెక్రటరీ, మియాపూర్:
డాలస్ తమ్ముడూ, నీ సంతకంలో తప్పు లేదు. పోటీలో ఉన్న మనిషే ఆ కాగితాలు పోగేయడం తప్పు. ఎవరు నిలబడ్డారో తెలియకముందే నీ ఓటు పడిపోయింది, చూడు. మన దగ్గర చాలా సంఘాలు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉన్నవే. ప్రాక్సీల లెక్క ఎవరి బైలాలో వాళ్లు రాసుకోవాల్సిందే. లాభాల కోసం నడిచే కంపెనీలకు కూడా హద్దు ఉంది: 2014 నియమాల ప్రకారం ఒక మనిషి 50 మందికి మించి ప్రాక్సీగా ఉండకూడదు, వాళ్ల వాటా ఓటు హక్కున్న మూలధనంలో 10 శాతం దాటకూడదు. మన అపార్ట్‌మెంట్లలో ఆ మాత్రం హద్దు కూడా లేకపోతే ఎలా? మనిషికి రెండు ప్రాక్సీలు చాలు. అభ్యర్థి చేతికి ఒక్కటీ ఇవ్వకూడదు. మీటింగ్‌కు 48 గంటల ముందే అందాలి, ఏ ఫ్లాట్ ప్రాక్సీ ఎవరి దగ్గరుందో నోటీసు బోర్డు మీద పెట్టాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకు అభ్యర్థుల జాబితా, ఓటు లింకు నేరుగా ఈమెయిల్‌కు పంపితే ఇంకా మంచిది. ఈ పనంతా పోటీలో లేని ఎన్నికల అధికారి చూడాలి. కమిటీ చేతిలో పెడితే మళ్లీ మొదటికే వస్తుంది.

అద్దెకుంటున్నవాడిని:
మా ఓనర్ గారు సిడ్నీలో ఉంటారు. నీళ్ల ట్యాంకర్ కోసం తిప్పలు పడేది, లిఫ్ట్ ఆగితే అమ్మను చేయిపట్టి మెట్లు ఎక్కించేది నేను. ఆ ప్రాక్సీ ఏదో ఇంట్లో ఉన్న మాకే ఇస్తే కమిటీ పనితీరు తెలిసినవాళ్లు ఓటేసినట్టు అవుతుంది కదండి?

డాలస్ నుంచి:
మా ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లతో మాది పదకొండు నెలల అగ్రిమెంట్. వచ్చే ఏడు ఎవరుంటారో తెలియదు, కార్పస్ ఫండ్ ఓటు వాళ్ల చేతిలో ఎలా పెట్టను? కమిటీ ఎన్నిక వరకైతే ఆలోచిస్తాను.

కొండాపూర్ ఓనర్:
సెక్రటరీ గారూ, 'తీసేయాలి' అన్న మాట సవరణలోంచి తీసేస్తున్నాం. మనిషికి రెండు, అభ్యర్థికి సున్నా అని మార్చాం. అద్దెకున్నవాళ్లకు కమిటీ ఎన్నిక వరకే ప్రాక్సీ ఇవ్వొచ్చని వేరే తీర్మానం పెడతాం. దానికి మా బ్లాక్‌లోనే గట్టిగా అడ్డుపడుతున్నారు.