అండాశయంలో గడ్డ అక్కడిదేనా, పేగుల నుంచి వచ్చిందా? ఐహెచ్‌సీ రిపోర్టు తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే, మాది దేవరకొండ దగ్గర ఊరు. మా చిన్నమ్మకు రెండు అండాశయాల్లోనూ గడ్డలుంటే నల్లగొండలో ఆపరేషన్ చేసి తీశారు, బయాప్సీలో మ్యూసినస్ కార్సినోమా (జిగురు లాంటి పదార్థం తయారుచేసే క్యాన్సర్) అని వచ్చింది, కానీ అది ఎక్కడ పుట్టిందో తేలలేదు. ఐహెచ్‌సీలో (గడ్డ ముక్కలో ఏ ప్రొటీన్లు ఉన్నాయో రంగు వేసి చూసి, అది ఎక్కడిదో అంచనా వేసే పరీక్ష) సీకే7 అనే ప్రొటీన్ పాజిటివ్, సీకే20 అక్కడక్కడా పాజిటివ్, పాక్స్8 నెగెటివ్.

పాక్స్8 రాలేదు కాబట్టి అండాశయానిది కాదని ఒకరన్నారు. అండాశయ క్యాన్సర్లలో సీరస్ అనే రకంలో పాక్స్8, డబ్ల్యూటీ1 ప్రొటీన్లు మామూలుగా పాజిటివ్ వస్తాయి, నిజమే, కానీ మ్యూసినస్ రకం అండాశయంలోనే పుట్టినా పాక్స్8 రాకపోవచ్చని చదివాను, అందుకే ఆ ఒక్కదాన్ని పట్టుకుని తేల్చేయడం నాకు సరిగా అనిపించట్లేదు. గడ్డలు రెండు వైపులా ఉండటమే ఎక్కువ టెన్షన్ పెడుతోంది, వేరే చోటి నుంచి పాకినప్పుడు అట్లా ఎక్కువగా ఉంటుందట.

పేగుల నుంచి వచ్చిందేమో తెలుసుకోడానికి చూసే శాట్‌బీ2, సీడీఎక్స్2 కూడా వేయించాలా? సీకే7 గట్టిగా ఉంటే పెద్దపేగు అనుమానం తగ్గుతుంది సరే, మరి కడుపు (జీర్ణాశయం), పాంక్రియాస్ సంగతేంటి, వాటిలోనూ సీకే7 వస్తుంది కదా? కీమో మొదలుపెట్టేలోపే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించమని అడగాలా? పారాఫిన్ బ్లాకులు (మైనంలో దాచిన గడ్డ ముక్కలు), స్లైడ్లు తీసుకుని హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో చూపిద్దామనుకుంటున్నాం. పాథాలజీ డాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, మందులు దీన్నిబట్టే మారతాయట.